ఆకలి కూడా చేపు వంటిదే

(గుడివాడలో జరిగిన సభ్య సంఘాల సమావేశంలో విశ్రాంత పశువైద్యాధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇటువంటి సభలకు పిలిచినప్పుడల్లా గాలికుంటు టీకాల గురించో, చూడి గేదెల మేత గురించో చెప్పమనేవారు. ఈసారి మహిళా సభ్యులు కొందరు, "డాక్టరుగారూ, గేదెల సంగతి ఎప్పుడూ వినేదే. మీరు ఒళ్ళు ఎట్లా తగ్గారో అది చెప్పండి" అన్నారు. గేదెల డాక్టరు మనుషుల తిండి గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పులేదు. ముప్పై ఏళ్ళు మీ గేదెలకు ఏ పూట ఎంత దాణా పెట్టాలో చెప్పుకుంటూ తిరిగినవాణ్ణి, నా పళ్ళెంలో ఏముందో ఒక్కనాడూ చూసుకోలేదు. ఆ సంగతే ఇవాళ మనవి చేస్తాను.

పదవీ విరమణ చేసిన ఏడాదికి నా అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. బందరులో ఒక వైద్యుని వద్దకు వెళ్ళాను. తూకం వేస్తే 93 కిలోలు. రక్తంలో చక్కెర ఉన్నది. ఆయన నడుముకు టేపు పెట్టి, "108 సెంటీమీటర్లు. మన మగవారికి 90, ఆడవారికి 80 దాటకూడదండీ" అన్నారు. టేపు లేని ఇంట్లో మగవారికి మొలతాడు ఉన్నది. ఏడాదికోసారి ముడి విప్పి వదులు చేసుకుంటున్నామంటే వేరే కొలత అక్కర్లేదు.

"ఏం తింటుంటారు?" అని అడిగారాయన. "పెద్దగా ఏమీ తిననండీ" అన్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు, నిజంగా అట్లాగే అనుకునేవాణ్ణి. ఆయన నవ్వి, మూడు రోజులు నోట్లో పడినదల్లా రాసుకు రమ్మన్నారు. ఇంట్లో పాలపుస్తకం వెనుక పేజీలు ఖాళీగా ఉంటే వాటి మీదే రాశాను. తెల్లవారుఝామున టీ. పాలకేంద్రం దగ్గర టీ. ఇడ్లీ నాలుగు, రుచి చూద్దామని రెండు పునుగులు. పదకొండింటికి ఎవరో వస్తే వారితో టీ. ఒంటిగంటన్నరకు భోజనం. నిద్ర లేవగానే టీ, దానితో చెగోడీలు. సాయంత్రం మళ్ళీ టీ. రాత్రి తొమ్మిదిన్నరకు టీవీ ముందు భోజనం. బంధువులు తెచ్చిన బందరు లడ్డు ఒకటి, అది భోజనం లెక్కలోకి రాదనుకుని మొదట రాయనే లేదు.

రాసిన తరువాత నాకు తట్టిన ప్రశ్న ఒకటే. ఈ మూడు రోజులలో నాకు నిజంగా ఆకలి వేసింది ఎన్నిసార్లు? గుర్తు చేసుకుంటే ఒక్కసారి. మరి మిగిలిన పన్నెండు పదమూడు సార్లు చెయ్యి పళ్ళెంలోకి ఎందుకు వెళ్ళింది?

దీనికి జవాబు మీకు నాకంటే బాగా తెలుసు. గేదె ఎప్పుడు చేపుతుంది? పొదుగులో పాలు ఉన్నంత మాత్రాన చేపదు. రోజూ వచ్చే మనిషి, రోజూ వచ్చే వేళకు రావాలి. దాణా డబ్బా చప్పుడు కావాలి, బిందె మోత వినబడాలి, దూడ మూతి తగలాలి. అప్పుడు తలలో నుంచి ఒక రసం రక్తంలోకి దిగి పొదుగు వదులవుతుంది. మనిషి మారినా, వేళ మారినా పాలు ఎగబట్టి నిలబడుతుంది. ఆ గుర్తులన్నీ సరిగా ఉంటే మాత్రం చెయ్యి వేయకముందే చన్నులు బిగుస్తాయి.

మన ఆకలి కూడా సగానికి పైగా ఇటువంటి చేపే. రష్యాలో పావ్లోవ్ అనే శాస్త్రజ్ఞుడు గుర్తు అందగానే కుక్క నోట లాలాజలం ఊరుతుందని చూపించాడు. జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనలకు ఆయనకు 1904 లో నోబెల్ బహుమతి వచ్చింది. తరువాత 1999 లో జపాను శాస్త్రజ్ఞులు పొట్టలో పుట్టి మెదడుకు ఆకలి కబురు మోసే రసాన్ని కనుగొన్నారు. దాని పేరు ఘ్రెలిన్. మనం రోజూ ఏ వేళకు తింటామో ఆ వేళకు కాస్త ముందు అది రక్తంలో పెరుగుతుంది. అంటే పదకొండింటికి టీ, చెగోడీ అలవాటు చేసుకున్న ఒంటికి పదకొండు కాగానే చేపు వస్తుంది. ఒంటికి అవసరముండి కాదు, గడియారం చూసి.

ఇందులో మంచి కబురు ఏమంటే, అలవాటుతో వచ్చిన చేపును అలవాటుతోనే మళ్ళించవచ్చు. కొత్తగా కొన్న గేదె వారం రోజులు సతాయించినా తరువాత మీ చేతికి అలవాటు పడటం లేదా? నేను రాత్రి భోజనం తొమ్మిదిన్నర నుంచి ఏడున్నరకు మార్చాను. సాయంత్రం పాలు పోసి రాగానే కాళ్ళు కడుక్కుని కూర్చునేవాణ్ణి. మొదట పది పన్నెండు రోజులు తొమ్మిదిన్నర అయ్యేసరికి కడుపులో ఒకటే గోల. ఒక గ్లాసు పలుచని మజ్జిగ తాగి పడుకునేవాణ్ణి. రెండు వారాలకు ఆ వేళ ఆకలి రావటమే మానేసింది.

ఇక పళ్ళెం సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. మన కృష్ణా డెల్టా భోజనంలో ఉన్న అందమూ చిక్కూ ఒక్కచోటనే ఉన్నాయి. మనం అన్నంతో కూర తినం, ఒక్కొక్క కూరకు ఒక్కొక్క వాయి అన్నం తింటాం. పచ్చడికి ఒకసారి అన్నం, పప్పుకు ఒకసారి, కూరకు ఒకసారి, పులుసుకు ఒకసారి, చివరికి పెరుగుకు ఒకసారి. "పెరుగన్నం తినకుండా లేస్తారా?" అని అడగని ఇల్లాలు మన సీమలో లేదు. ఏ వాయికి ఆ వాయి కొంచెమే అనిపిస్తుంది. ఐదు కలిపి చూస్తే పళ్ళెం గుట్ట.

పప్పన్నంతో కడుపు నిండినవాడికి గోంగూర కనబడగానే మళ్ళీ చోటు ఎక్కడినుంచి వచ్చింది? ఇది తిండిపోతుతనం కాదు. ఒక రుచికి నాలుక తనిసిపోతుంది, కొత్త రుచి రాగానే కోరిక మళ్ళీ లేస్తుంది. 1981 లో ఇంగ్లాండులో బార్బరా రోల్స్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమెతో పనిచేసినవారు దీనిని పరీక్షించి చూశారు. ఒకే రకం పెట్టినప్పటికంటే రకాలు మార్చి మార్చి పెట్టినప్పుడు అదే మనుషులు ఎక్కువ తిన్నారు. మన విస్తరి ఈ సూత్రం మీదనే నడుస్తున్నది, ఎవరూ పరీక్ష చేయకముందు నుంచీ.

నేను పచ్చడీ మానలేదు, పులుసూ మానలేదు. చేసింది ఇంతే: అన్నమంతా మొదటే ఒక్కసారి వడ్డించుకుంటాను, ఇంట్లో ఒక గిన్నె గుర్తు పెట్టుకున్నాను. ఆ ఒక్క గిన్నెడు అన్నాన్ని నాలుగు భాగాలు చేసుకుని అన్ని రుచులూ చూస్తాను. మారు వడ్డన కూరకూ పప్పుకూ ఉన్నది, అన్నానికి లేదు. మొదట ఒక కప్పు కూరో, పప్పుచారో అన్నం లేకుండానే తినేస్తాను. మా ఇంటావిడ మొదటి వారం "ఇదేం తిండండీ, ఉత్త కూర తింటారా ఎవరైనా?" అని చిన్నబుచ్చుకుంది. ఇప్పుడు తానూ అట్లాగే తింటున్నది.

కూరలో, చారులో ఉన్న నీరు కడుపును నింపుతుంది. అదే నీరు గ్లాసులో పక్కన తాగితే అంత నింపదు. 1999 లో అమెరికాలో 24 మంది స్త్రీలకు ఇదే పరీక్ష చేశారు. కోడిమాంసమూ బియ్యమూ వేసి వండినదాన్ని ఒకనాడు గట్టిగా పెట్టి, ఒకనాడు దాని పక్కన మంచినీళ్ళు పెట్టి, ఒకనాడు ఆ నీళ్ళు అందులోనే పోసి కాచి పెట్టారు. నీరు కలిపి కాచిన రోజున మాత్రమే తరువాతి భోజనం తగ్గింది. మన సొరకాయ పులుసు, మునక్కాయ చారు, తోటకూర పప్పు చేసే పని ఇదే. పప్పు, గుడ్డు, చేప, పెరుగు వంటివి కడుపులో ఎక్కువసేపు నిలిచి మళ్ళీ ఆకలిని తొందరగా రానీయవు. 2024 లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కొత్త ఆహార సూచనలు ప్రకటించింది. మన రోజు మొత్తం శక్తిలో ధాన్యం వాటా 45 శాతం దాటవద్దన్నారు. వరి తప్ప మరో లోకం తెలియని మన డెల్టాలో నా వాటా ఎంత ఉండేదో లెక్క వేయటానికి నాకే ధైర్యం చాలలేదు. తవుడు తీసి గేదెకు పెట్టి తెల్లని గింజ మనం తింటాం. బలమైన భాగం కుడితి తొట్టిలోకే పోతున్నదని పశువైద్యుడిగా నేను సంతోషించవలసిందే.

ఇప్పుడు వేగం. మీలో చాలామందికి అనుభవమై ఉంటుంది. ఊళ్ళో పెళ్ళి అయిన మర్నాడు నాకు కబురు వచ్చేది. మిగిలిన అన్నం కుడితిలో కుమ్మరిస్తే గేదె గబగబా తినేసి, కడుపు ఉబ్బి, నెమరు ఆగి పడిపోయేది. అదే గేదె వరిగడ్డి ముందు ప్రాణం మీదికి వచ్చేటట్లు తినటం నేనెన్నడూ చూడలేదు. గడ్డిని నమలాలి, నెమరు వేయాలి, ఆలస్యమవుతుంది, ఆ లోపల కడుపు చాలంటుంది. మెత్తని అన్నానికి ఆ అడ్డు లేదు. మనకూ అంతే. పేగులు "చాలు" అనే కబురు మెదడుకు పంపటానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. పాలకేంద్రానికి వేళవుతోందని మనం ఏడు నిమిషాలలో ముగించి లేస్తే, ఆ కబురు అందేసరికి పళ్ళెం ఖాళీ.

2019 లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో 20 మందిని నెలరోజులు అక్కడే ఉంచి చూశారు. రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు ఇంటి తరహా వంట. రెంటిలోనూ ఎంత కావాలంటే అంత తినవచ్చు. ఫ్యాక్టరీ తిండి తిన్నప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగానూ తిన్నారు, రెండు వారాలలో ఒక్కొక్కరు దాదాపు కిలో బరువు పెరిగారు. మన బడ్డీకొట్లకు వేలాడే పొట్లాల దండలు చూసినప్పుడల్లా నాకు పెళ్ళి మర్నాటి గేదె గుర్తుకు వస్తుంది.

పాల సంఘం వేదిక మీద నిలబడి టీ గురించి మాట్లాడక తప్పదు. ఒక టీకి 75 మిల్లీలీటర్ల చిక్కని గేదెపాలు, రెండు చెంచాల పంచదార అనుకుందాం. పాల నుంచి 80, పంచదార నుంచి 40, మొత్తం 120 కేలరీలు. ఐదు టీలకు 600. అది సుమారు 450 గ్రాముల అన్నంతో సమానం. అంత అన్నం తింటే ఆ పూటకు మరో ముద్ద దిగదు. ఐదు టీలు తాగితే భోజనంలో ఒక ముద్ద కూడా తగ్గదు, తాగే తీపి కడుపు లెక్కలోకి సరిగా రాదు. నేను టీలు ఐదు నుంచి రెండుకు తెచ్చాను, పదిహేను రోజులకు ఒకటి చొప్పున. మేత మార్చినప్పుడు గేదెకు మీరు చేసేది కూడా ఇదే కదా. ఎండుగడ్డి మీద ఉన్నదాన్ని ఒక్కరోజున పిల్లిపెసర చేలో వదిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

దీనిని విని పాలు మానమని డాక్టరు చెప్పాడని ఇంట్లో ప్రచారం చేయకండి. పాలలో ఉన్న మాంసకృత్తులు ఆకలిని నిలబెట్టేవే. మనకు ధర వెన్న శాతాన్ని బట్టి వస్తుంది కాబట్టి కేంద్రంలో ఏడు రావాలని కోరుకుంటాం. ఆ ఏడు శాతం ఒళ్ళు పెరిగిన పెద్దవాళ్ళకు అవసరం లేదు. కాచి చల్లార్చి మీగడ తీసిన పాలు, ఆ పాలతో తోడుపెట్టిన పెరుగు, చిలికి వెన్న తీసిన మజ్జిగ మనకు చాలు. ఎదిగే పిల్లలకు మాత్రం మీగడ తీయని పాలే పోయండి. ఉన్నదంతా క్యానులో పోసి, పిల్లలకు నీళ్ళ టీ ఇచ్చే ఇళ్ళు మన సంఘాలలో ఇంకా ఉన్నాయి. ఆ మాట చెప్పకుండా బరువు తగ్గటం గురించి మాట్లాడటానికి నాకు నోరు రాదు.

నేను దివిసీమలో పుట్టాను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వచ్చేసరికి నాకు పదమూడేళ్ళు. ఆ తరువాత కొన్నాళ్ళు మేము పొట్లాలలో వచ్చిన అన్నం తిన్నాం. మా నాయనమ్మ ఆపైన బతికినంత కాలం పళ్ళెంలో ఒక్క మెతుకు మిగలనివ్వలేదు. మా చేత తినిపించేది, మేము వదిలింది తాను తినేది. అన్నం అంటే ఆమెకు ప్రాణభయం. ఆ భయంలో తప్పు ఏమున్నది? కాని ఆ రోజులు పోయి, కోతకు యంత్రం వచ్చి, పాలకేంద్రానికి మోటారు సైకిలు మీద వెళుతూ కూడా నేను అదే పళ్ళెం ఖాళీ చేస్తున్నాను. ఈ సభలో ఉన్న తల్లులలో పిల్లలు వదిలిన దోసె ముక్క, అడుగున మిగిలిన కూర ఎవరి కడుపులోకి పోతున్నాయో చేతులెత్తమంటే తెలుస్తుంది. పారబోస్తే పాపమని మన పొట్టలో పారబోసుకుంటున్నాం. మెతుకు మీద గౌరవం తగ్గించమని నేను చెప్పను. వండేటప్పుడే గిద్దెడు బియ్యం తక్కువ పోయండి.

మనమంతా అనుకున్నట్టు ఒళ్ళు ఉన్నవాళ్ళంతా బలంగా ఉన్నవాళ్ళూ కారు. 2019-21 లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36 శాతం మంది ఉండవలసిన బరువు కంటే ఎక్కువ ఉన్నారు. అదే సర్వేలో 58 శాతానికి పైగా స్త్రీలకు రక్తహీనత. ఈ రెండు లెక్కలలోనూ ఒకే మనిషి ఉండవచ్చు. అందరికీ పెట్టి చివరన మిగిలిన అన్నమూ పచ్చడీ తినే మనిషికి ఒళ్ళూ వస్తుంది, రక్తమూ ఉండదు. ఆ చివరి పళ్ళెంలోకి పప్పూ ఆకుకూరా గుడ్డూ ముందే తీసి పెట్టటం ఇంట్లో మగవాళ్ళు నేర్చుకోవలసిన పని.

2017, 2018 ప్రాంతాలలో వీరమాచినేని రామకృష్ణగారు చెప్పిన పద్ధతిని మన వైపు చాలా ఇళ్ళలో పట్టుకున్నారు. అన్నం పూర్తిగా మాని కొబ్బరినూనె, నెయ్యి తీసుకున్నారు. తగ్గినవారిని నేను చూశాను, మళ్ళీ అన్నం మొదలుపెట్టి మునుపటికంటే పెరిగినవారినీ చూశాను. మంచి చెడ్డలు తేల్చటం నా పని కాదు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2011 లో ప్రకటించిన ఒక పరిశోధన మాత్రం మీకు చెప్పాలి. పది వారాలు కటికగా తిండి తగ్గించి బరువు దించినవారిని ఏడాది తరువాత పరీక్షిస్తే, ఆకలి పెంచే రసాలు ఇంకా పైనే ఉన్నాయి. పోయిన బరువు కోసం ఒళ్ళు ఏడాదైనా వెతుక్కుంటూనే ఉన్నదన్నమాట. అందువల్ల మళ్ళీ పెరిగినవారిని చూసి "నోరు కట్టుకోలేకపోయాడు" అని ఎగతాళి చేయకండి. చక్కెర మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారు నా మాట విని గాని, మరొకరి మాట విని గాని పూట మానవద్దు. మీ వైద్యుని అడిగిన తరువాతనే ఏ మార్పైనా.

నిద్ర గురించి ఒక్క మాట. తెల్లవారుఝామున నాలుగింటికి పాలు పితకటానికి లేచేవాళ్ళం, రాత్రి పదకొండు దాకా టీవీ ముందు కూర్చుంటే మిగిలేది ఐదు గంటలు. చికాగోలో 2004 లో పన్నెండుమంది కుర్రవాళ్ళను రెండు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిస్తే వారి ఆకలి 24 శాతం పెరిగింది, అదీ తీపి మీదకు, చిరుతిళ్ళ మీదకు. గేదె వేళ మనం మార్చలేము, మన పడక వేళ మార్చుకోవచ్చు.

నేను పదకొండు నెలలలో 93 నుంచి 82 కిలోలకు వచ్చాను. తరువాత మాఘమాసం పెళ్ళిళ్ళు వచ్చాయి, ఇప్పుడు 84. మీకు దాచి ఏం లాభం? మళ్ళీ గిన్నె గుర్తు పెట్టుకుని కూర్చుంటున్నాను.

వచ్చే సమావేశానికి మీలో ఇష్టమైనవారు పాలపుస్తకం వెనుక మూడు రోజుల తిండి రాసి తీసుకురండి. పేర్లు రాయనక్కర్లేదు. టీలు, పిల్లలు వదిలిన ముక్కలు కూడా రాయాలి. ఎక్కడ నిజమైన ఆకలి, ఎక్కడ ఉత్త చేపు అని కూర్చుని చూద్దాం. ఇంకా చెప్పవలసింది ఉన్నది గాని మూడున్నర దాటింది, కోడూరు, నాగాయలంక వెళ్ళవలసిన వారు అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నారు. మీ గేదెలు మీ అడుగుల చప్పుడు కోసం చూస్తుంటాయి. సెలవు.